ఆనకట్ట కింద దొరికిన చేపపిల్లలే పెద్దవిగా ఎందుకున్నాయి?

ఏటిగట్టు:

అందరికీ నమస్కారం. నేను జంతుశాస్త్రంలో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకు తీసుకున్న ప్రశ్న మొదట్లో చాలా సూటిగా కనిపించింది. సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుకుంటూ వచ్చి గుడ్లు పెట్టే చేపకు దారిలో ఆనకట్ట అడ్డొస్తే, ఆ ఏడాది పుట్టిన పిల్లల ఎదుగుదల ఏమవుతుంది? తల్లి చేపల సంగతి చాలామంది రాశారు. ఎన్ని వచ్చేవి, ఇప్పుడెన్ని వస్తున్నాయి అన్న లెక్కలు దొరుకుతాయి. పిల్లల ఎదుగుదల గురించి వెతికితే అక్కడక్కడా ఒక పేరా తప్ప కనపడలేదు. అందుకే ఇది పట్టుకున్నాను.

చేసింది ఇది. ప్రధాన నదిలో ఆనకట్టకు దిగువన నీళ్ళు మడుగు కట్టే చోటు ఒకటి, అడ్డంకి లేకుండా పారే ఉపనదిలో ఒక చోటు, ఈ రెండూ ఎంచుకున్నాను. రెండుచోట్లా ఒకే జాతి పిల్లలు, హెర్రింగ్ కుటుంబంలోవి (మన పులసదీ అదే కుటుంబం). ఒకే వల, ఒకే వారం, దాదాపు ఒకే వేళ. పట్టిన ప్రతి పిల్లనూ తడిపిన కొలతపలక మీద పడుకోబెట్టి మూతి కొస నుంచి తోక చీలిక దాకా కొలిచాను. ఆ తర్వాత బరువు. చేతిలోకి తీసుకుంటే చాలు, పొలుసులు రాలి వేళ్ళకు వెండిరేకుల్లా అంటుకుంటాయి, అంత సున్నితం. అందుకని తడిచేత్తోనే పట్టుకున్నాను, ఒక్కోదానికి నిమిషం కూడా తీసుకోలేదు.

ఆనకట్ట కింద పిల్లలు చిన్నవిగా, బక్కగా ఉంటాయనుకున్నాను. ఇరుకు చోటు, తక్కువ తిండి కదా. తీరా చూస్తే తిరగబడింది. ఆనకట్ట కిందవే సగటున పొడవు ఎక్కువ. రెండోసారి వెళ్ళి పట్టినా అదే వచ్చింది.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు మా గైడు. నిజమే, రాయాలి. కానీ ఈ అంకెలు అలాగే పెట్టేస్తే చదివినవాళ్ళు "దారి మూసేస్తే పిల్లలకు మేలే" అనుకుంటారు. అలా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, వచ్చిన అంకెల్ని దాచడానికి మనసూ రావడం లేదు. నేను ఎక్కడ పొరబడుతున్నానో తెలిసినవాళ్ళు చెప్పండి.

దారపుకండె:

ముందు వల సంగతి చూడండి. ఒకే వల అన్నారు బాగానే ఉంది, కానీ ఒకే వల రెండుచోట్లా ఒకేలా పట్టదు. పారే నీళ్ళలో వల నిలవదు, ఒక పక్కకు ఒరుగుతుంది, కన్ను సాగుతుంది. నిలిచిన మడుగులో వల తిన్నగా దిగుతుంది. కన్ను కొద్దిగా పెద్దదైతే బాగా చిన్న పిల్లలు రెండుచోట్లా జారిపోతాయి, మీ సగటులోకి అవి రానే రావు. ఇంకో మాట. ఆనకట్ట కింద మడుగుల్లో పెద్ద మాంసాహార చేపలు కాపేసి ఉంటాయి. చిన్నవాటిని అవి ముందే ఏరేసుకుంటాయి. మీ చేతికి చిక్కినవి తప్పించుకోగలిగిన పెద్దవేమో.

చెవిరాయి:

ఏటిగట్టు గారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. ఆ వారం, ఆ చోట, అంత పొడవు పిల్లలు ఉన్నాయి. అంతవరకు నిజం. కానీ దాన్ని ఎదుగుదల అనడానికి లేదు. ఇన్ని రోజుల్లో ఇంత పెరిగింది అంటేనే ఎదుగుదల. మీ పట్టికలో పొడవుంది, బరువుంది, వయసు లేదు. వయసు తెలియని పొడవు ఈ విషయంలో చాలామందిని దారి తప్పించింది. నేనూ తప్పాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పదకొండేళ్ళుగా నా పని చేపల చెవిరాళ్ళు, అంటే తల లోపల ఉండే చిన్న సున్నపు రాళ్ళు చదివి వయసు చెప్పడం. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు తోచే మొదటి అనుమానం ఇది. అడ్డంకి లేని ఉపనదిలో ఓ మాదిరి సైజుకొచ్చిన పిల్ల అక్కడ ఆగదు, ప్రవాహం పట్టుకుని దిగిపోతుంది. మీరు వల వేసే నాటికి ముందు పుట్టినవి, బాగా పెరిగినవి వెళ్ళిపోయి ఉంటాయి. మీకు దొరికినవి ఆఖర్న పుట్టినవి. ఆనకట్ట కింద సంగతి వేరు. గేట్లు మూస్తే ప్రవాహం ఉండదు, మడుగుకూ మడుగుకూ మధ్య నీటిపాయ తెగుతుంది. ఎప్పుడో బయల్దేరాల్సిన పిల్లలు కదలడానికి వీల్లేక అక్కడే ఉండిపోతాయి. అంటే మీరు పట్టిన ఆ "పెద్ద" పిల్లలు బాగా పెరిగినవి కాకపోవచ్చు, బయల్దేరడం ఆలస్యమైనవి కావచ్చు. వయసుకు తగ్గ పొడవు చూస్తే అవే వెనకబడి ఉండొచ్చు.

దీనికి దారపుకండె గారు చెప్పినది కలుస్తుంది. చిన్నవాటిని వేటచేపలు ఏరేస్తే మిగిలినవాటి సగటు దానంతటదే పెరుగుతుంది, ఒక్క పిల్ల కూడా అదనంగా పెరగకుండానే. ఇంకోటి కూడా కలపండి: పైకి వెళ్ళాల్సిన తల్లులు ఆనకట్ట దగ్గర ఆగిపోయి అక్కడే గుడ్లు వదిలితే, ప్రయాణం మిగిలినట్టే కాబట్టి పిల్లలు ముందే పుట్టి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. దారి మూస్తే పిల్ల ఎదుగుదలకు ఏం జరుగుతుందనేదానికి ఒకే జవాబు లేదు. ఏ జాతి, జీవితంలో ఏ దశలో అడ్డుతగిలింది అన్నదాన్ని బట్టి మారుతుంది.

కొన్నింటికి దూరమే ఊపిరి. అమెరికాలో మిస్సోరీ నదిలో పాలిడ్ స్టర్జన్ అనే పురాతన జాతి చేప ఉంది. దాని పిల్ల గుడ్డులోంచి బయటపడగానే ఈదలేదు, అడుగున ప్రవాహంతో కొట్టుకుపోతూ ఉంటుంది. పొట్టకింద పచ్చసొన సంచి కరిగే లోపు వందల కిలోమీటర్లు అలా పోతుంది. ఆ ప్రయాణంలోనే రెక్కలు, నోరు తయారవుతాయి. ఇప్పుడు పైన ఫోర్ట్ పెక్ ఆనకట్ట, కింద సకకావియా జలాశయం. మధ్యలో మిగిలిన పారే నీళ్ళు ఆ ప్రయాణానికి చాలవు. పిల్ల ఈదడం నేర్వకముందే జలాశయం మొదట్లోకి వచ్చి పడుతుంది. అక్కడ ఒండ్రు దిగుతుంది, ఒండ్రులో కుళ్ళే పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటూ అడుగున ఆక్సిజన్‌ను ఖాళీ చేస్తాయి. పిల్ల అక్కడికి చేరి ఊపిరాడక పోతుంది. తల్లులు గుడ్లు పెడుతూనే ఉన్నాయి, దశాబ్దాలుగా వాటి తర్వాతి తరం మాత్రం రావడం లేదు. అలాంటి చోట మీరు ఏ పొడవు కొలుస్తారు? గడ్డి చేప, వెండి చేప అని పెంపకందారులు పిలిచే చైనా కార్పుల గుడ్లూ ఇంతే. నీటితోపాటు తేలుతూ పొదగాలి. నిలవ నీళ్ళు తగిలితే అడుగుకు దిగి ఒండ్రు కింద కప్పబడిపోతాయి.

కొన్నింటికి కాలం ముఖ్యం. చైనా స్టర్జన్‌నే తీసుకోండి. సముద్రం నుంచి యాంగ్జీ నది మీదుగా 3,000 కిలోమీటర్లకు మించి ఎదురీది, ఎగువ నదిలో వందల కిలోమీటర్ల పొడవునా చెల్లాచెదురుగా ఉన్న చోట్ల గుడ్లు పెట్టేది. 1981లో గెజూబా ఆనకట్ట దారి మూసింది. తల్లులు చావలేదు. ఆనకట్ట కిందే కొద్ది కిలోమీటర్ల మేర కొత్త చోటు వెతుక్కున్నాయి. చూసినవాళ్ళు ఊరట పడ్డారు. కానీ గుడ్లన్నీ ఒకేచోట పడితే అడుగున తిరిగే చేపలకు అది తెరిచిన గాదె. ఆ పైన 2003లో త్రీ గోర్జెస్ జలాశయం నిండడం మొదలైంది. అంత లోతు నీళ్ళు ఎండాకాలం వేడిని పట్టుకుని శరదృతువులో మెల్లగా వదులుతాయి. నీళ్ళు చల్లబడితే గాని గుడ్లు పెట్టని చేప అది. చల్లబడడం ఆలస్యమయ్యే కొద్దీ గుడ్లూ ఆలస్యం. ఆలస్యంగా పుట్టిన పిల్లకు చలికాలం ముందు తినడానికి దొరికే రోజులు తగ్గుతాయి. 2017 నుంచి అక్కడ సహజంగా గుడ్లు పెట్టిన జాడ కూడా కనపడలేదు. అదే నదిలో అదే ఆనకట్ట దారి మూసిన చైనా ప్యాడిల్‌ఫిష్ అంతరించిపోయిందని 2022లో ప్రకటించారు.

సాల్మన్‌లో ఈ కాలం సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నదిలో పుట్టి సముద్రంలో పెరిగే చేప ఇది. నదిలో ఉన్నన్నాళ్ళూ సాల్మన్ పిల్ల ఒంటి మీద వేలిముద్రల్లాంటి నిలువు మచ్చలుంటాయి. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, ఒక రాయి పక్కన తన చోటు తాను కాచుకుంటుంది. ఒక వసంతంలో ఆ మచ్చలు వెండిరంగు కింద మాసిపోతాయి. ఒళ్ళు సన్నబడుతుంది, మొప్పల్లో ఉప్పును బయటికి తోసే కణాలు పెరుగుతాయి. చోటు కాచుకోవడం మానేసి గుంపు కడుతుంది. అంతకాలం ఎదురీదినది ప్రవాహానికి ఒళ్ళు అప్పగిస్తుంది, చాలాసార్లు తోక ముందుకు, తల వెనక్కు పెట్టి. ఈ తయారీ కొన్ని వారాలే నిలుస్తుంది. ఆ లోపు ఉప్పునీటికి చేరకపోతే, అందులోనూ నీళ్ళు వేడెక్కితే, మొప్పలు మళ్ళీ మంచినీటి తీరుకు తిరిగిపోతాయి.

అమెరికాలో స్నేక్ నది నుంచి కొలంబియా నది మీదుగా సముద్రానికి వెళ్ళే పిల్లకు దారిలో ఎనిమిది ఆనకట్టలు. 1938లో బోన్‌విల్‌తో మొదలై 1975లో లోయర్ గ్రానైట్‌తో ఎనిమిదీ పూర్తయ్యాయి. వరద మోసుకుపోవాల్సిన దూరంలో ఇప్పుడు నిలవ నీళ్ళున్నాయి. పిల్ల తన కండతో ఈదాలి. దాచుకున్న కొవ్వు కరుగుతుంది, దారి పొడవునా పైక్‌మిన్నో లాంటి వేటచేపలు. చివరికి సముద్రం చేరినా, తీరంలో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) దండిగా ఉండే వారాలు దాటిపోయి ఉండొచ్చు. సముద్రంలో మొదటి వేసవిలో ఓ స్థాయికి పెరగని పిల్ల ఆ చలికాలం గట్టెక్కడం కష్టం. నదిలో జరిగిన ఆలస్యానికి మూల్యం సముద్రంలో చెల్లిస్తుంది. నదిలోనే కొలత ఆపేసేవాళ్ళకు ఇది కనపడదు.

ఇంకొక సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. పసిఫిక్ సాల్మన్ తన బరువులో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా సముద్రంలోనే సంపాదిస్తుంది. ఆ సంపాదన అంతా నదికి మోసుకొచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. కళేబరాలు కుళ్ళితే నాచు పెరుగుతుంది, నాచును తిని పురుగులు పెరుగుతాయి, ఆ పురుగుల్ని తిని పిల్లలు పెరుగుతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో చిన్న వాగుల్లో కోహో సాల్మన్ కళేబరాలు తెచ్చి వేసి చూశారు. పిల్లల కడుపుల్లో గుడ్లు, మాంసం ముక్కలు కనిపించాయి, పొడవుకు తగ్గ బరువు పెరిగింది. సముద్రపు తిండిలో ఎక్కువగా ఉండే బరువైన రకం నైట్రోజన్ (నైట్రోజన్-15) పాలు పిల్లల కండలో పెరగడం చూసి అది ఎక్కడి తిండో నిర్ధారించారు. తల్లిని ఆనకట్ట కిందే ఆపితే ఎగువ వాగుకు ఈ తిండి రాదు. అక్కడే ఉండే వేరే జాతి పిల్లలకూ రాదు. తల్లి లేకపోతే పిల్ల చిక్కిపోవడం అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం.

మీ పనికి వస్తే, చెవిరాళ్ళు తీయండి. తల లోపల మెదడు కింద రెండు పక్కలా మూడేసి ఉంటాయి. హెర్రింగ్ కుటుంబంలో శాజిట్టా అనే పెద్ద జత తేలిగ్గా దొరుకుతుంది. చేపల చెవిరాళ్ళలో రోజుకొక వలయం ఏర్పడుతుందని 1971లో పన్నెల్లా అనే శాస్త్రవేత్త చూపించాడు. వలయాలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది, వాటి వెడల్పు చూస్తే ఏ రోజుల్లో బాగా తిన్నదో తెలుస్తుంది. ఒక్క ప్రశ్నకు వెంటనే జవాబివ్వండి: పిల్లల్ని దేంట్లో భద్రం చేశారు? ఫార్మలిన్‌లో అయితే ఆమ్లగుణం వల్ల రాయి కరిగిపోతుంది.

నిండుకుండ:

చెవిరాయి గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను. కానీ ఒక వైపే చెప్పారనిపించింది. నేను జలాశయాల్లో చేపల నిల్వలు చూసే పనిలో ఉన్నాను. కొత్తగా నిండిన జలాశయంలో పిల్లలు నిజంగానే వేగంగా పెరుగుతాయి, వయసు లెక్క కట్టి చూసినా సరే. మునిగిన నేల, ఆకులు, కొమ్మలు కుళ్ళి పోషకాలు వదులుతాయి, ప్లవకాలు పొంగుతాయి. అలాగే తల్లులు తక్కువ చేరిన ఎగువ వాగులో పుట్టిన కొద్ది పిల్లలకు పోటీ ఉండదు. ఒక్కోటి పెద్దగా పెరుగుతుంది. కాబట్టి ఏటిగట్టు గారి మడుగులో పిల్లలు నిజంగానే బాగా పెరిగి ఉండే అవకాశాన్ని ముందే కొట్టెయ్యకండి.

చెవిరాయి:

నిండుకుండ గారూ, కొట్టెయ్యను. మీరు చెప్పిన రెండూ నిజమే, నా జవాబులో ఉండాల్సినవే. ఆ పొంగు కొన్నేళ్ళే ఉంటుందని, తర్వాత పోషకాలు తగ్గి దిగుబడి పడిపోతుందని మీకు నాకంటే బాగా తెలుసు. నా పట్టుదల ఒక్కదాని మీదే. ఒక్కో పిల్ల పెద్దదైందన్న మాటను ఆ ఏటి సంతానం బాగుందన్న మాటగా రాయొద్దు. వంద పిల్లలుండాల్సిన చోట పది మిగిలి, ఆ పదీ లావెక్కితే సగటు పొడవు బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

ఎదురీత:

చర్చ సాల్మన్, స్టర్జన్‌ల మీదే సాగుతోంది కాబట్టి హెర్రింగ్ కుటుంబం వైపు రెండు మాటలు. ఏటిగట్టు గారి చేప కూడా అదే కుటుంబం కదా.

మనం పులస అని పిలిచే ఇలిష్ చేప గంగలో ఒకప్పుడు అలహాబాద్ దాకా, అక్కడి నుంచి యమునలో ఆగ్రా, ఢిల్లీ దాకా ఎదురీది వెళ్ళేది. 1975లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలయ్యాక ఎగువన ఆ వేట కుప్పకూలింది. దిగువన మాత్రం గుడ్లు పెట్టడం ఆగలేదు. ఇక్కడే పిల్లల సంగతి వస్తుంది. దీని పిల్ల గుడ్డు నుంచి వచ్చాక నెలల తరబడి నదిలోనే, నదీముఖంలోనే ప్లవకాల్ని వడగట్టుకుని తింటూ పెరుగుతుంది. పెంపక స్థలమంటే వందల కిలోమీటర్ల నది. అది కుంచించుకుపోతే పిల్లలన్నీ వేట ఎక్కువగా ఉండే దిగువ పాయల్లోనే పెరగాలి. ఎదిగే వయసులో వలకు ఎదురుగా ఉంటాయి. బంగ్లాదేశ్‌లో ఈ పిల్లల్ని జాట్కా అంటారు. 25 సెంటీమీటర్ల లోపువాటిని నవంబరు నుంచి జూన్ దాకా ఎనిమిది నెలలు పట్టకూడదని చట్టం. ఆ ఎనిమిది నెలలు ఎందుకంటే, పిల్ల నదిలో పెరిగి సముద్రానికి దిగే కాలం అదే.

చేపల నిచ్చెన, అంటే ఆనకట్ట పక్కన చేపలు ఎక్కడానికి మెట్లుమెట్లుగా ఉండే నీటిదారి, కట్టేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. సాల్మన్ కోసం రూపుదిద్దిన నిచ్చెన అది. సాల్మన్ ఎగిరి దూకగలదు. ఇలిష్ దూకదు, గుంపుగా వెళ్తుంది, ఒంటికి చిన్న దెబ్బ తగిలినా తట్టుకోదు. అడుగున పాకుతూ వెళ్ళే స్టర్జన్ పైన పెట్టిన మెట్టు వైపు చూడదు. పైగా తల్లిని ఎక్కించడం సగం పనే. పిల్ల దిగాలి. తల్లి ఎక్కడానికి చూపిన శ్రద్ధ పిల్ల దిగడానికి చాలాచోట్ల చూపలేదని నా బాధ.

మూసిన దారి తెరిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. కెనడాలో అలూయెట్ సరస్సు మీద 1920లలో ఆనకట్ట కట్టారు. సముద్రానికి వెళ్ళివచ్చే సాకై సాల్మన్ అక్కడ ఆగిపోయింది. సరస్సులోనే పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టే కొకనీగా మిగిలింది. ఒకే జాతి, కానీ కొకనీ సాకైకంటే చాలా చిన్న సైజులోనే గుడ్లు పెట్టే ఈడుకొస్తుంది, ఎందుకంటే సముద్రపు తిండి లేదు. 2005లో వసంతంలో ఆనకట్ట మీదుగా నీళ్ళు వదిలారు. కొకనీ పిల్లలు ఆ నీళ్ళతో దిగిపోయాయి. 2007లో ఆనకట్ట దగ్గరికి పెద్ద సాకై చేపలు తిరిగొచ్చాయి. జన్యువులు చూస్తే ఆ సరస్సువే. ఎనభై ఏళ్ళ దాకా సముద్రం చూడని వంశం, మొదటి అవకాశానికే వెళ్ళి, పెరిగి, ఇంటికొచ్చింది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నదిలోనూ ఇలాగే. 1913లో ఒకటి, 1927లో ఇంకొకటి కట్టిన రెండు ఆనకట్టలను 2011 నుంచి 2014 మధ్య తీసేశారు. పైన చిక్కుకుని మంచినీటి చేపలుగా బతికిన రెయిన్‌బో ట్రౌట్ సంతతి మళ్ళీ సముద్రానికి వెళ్ళే స్టీల్‌హెడ్‌గా మారింది. అమెరికాలోనే క్లామత్ నదిలో నాలుగు ఆనకట్టలు తీసేయడం 2024లో పూర్తయింది. వారాలు గడవకముందే, అదే అక్టోబరులో, సాల్మన్ పాత ఆనకట్టల చోట్లను దాటి పైకి వెళ్ళింది.

ఏటిగట్టు:

అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. చెవిరాయి గారూ, మీ ప్రశ్న చదవగానే ల్యాబుకు పరిగెత్తాను. సగం పిల్లలు ఫార్మలిన్‌లో, సగం స్పిరిట్‌లో ఉన్నాయి. మొదటిసారి పట్టినవి ఫార్మలిన్‌వి. వాటిలో రెండింటి తలలు తెరిచి చూశాను. రాళ్ళు సుద్దలా తెల్లబడి, సూది తగలగానే పిండి అయ్యాయి. ఆ పిల్లల్ని చంపి తెచ్చింది నేను. వాటి వయసు ఇక ఎవరికీ తెలియదు. రాత్రంతా అదే మనసులో తిరిగింది.

రెండోసారి పట్టినవి స్పిరిట్‌లోవి. వాటిలో ఆనకట్ట కింది పిల్ల ఒకటి, ఉపనది పిల్ల ఒకటి, దాదాపు ఒకే పొడవువి తీసుకున్నాను. రాయి ఆవగింజలో సగం కూడా లేదు. గాజుపలక మీద రంగులేని గోళ్ళరంగు చుక్క వేసి అంటించి, బాగా నున్నటి అరగదీత కాగితం మీద నీటిచుక్కతో రుద్దాను. పదిసార్లు రుద్దడం, ఒకసారి సూక్ష్మదర్శినిలో చూడడం. మొదట మసకగా బూడిదరంగు మచ్చ. ఇంకాస్త రుద్ది నూనెచుక్క వేసి చూస్తే ఒక్కసారిగా తేటపడింది. నడుమ చిన్న నల్లటి చుక్క, దాని చుట్టూ ఒకదాని వెంట ఒకటి వెలుగు, చీకటి, వెలుగు, చీకటి. ప్రతి జతా ఒక రోజు. నేను ఆ నది దగ్గర లేని రోజులన్నీ అందులో ఉన్నాయి.

ఆనకట్ట కింది పిల్లకు వలయాలు చాలా ఎక్కువ. రెండుసార్లు లెక్కపెట్టాను, తేడా రెండు మూడు వలయాలే. పొడవు ఒకటే, వయసు ఎక్కువ. అంటే నెమ్మదిగా పెరిగింది. ఇంకొకటి గమనించాను. దాని వలయాలు నడుమ భాగంలో వెడల్పుగానే ఉన్నాయి. అంచుకు వచ్చేసరికి ఒకదానిమీద ఒకటి ఎక్కినంత దగ్గరగా ఉన్నాయి, లెక్కపెట్టడానికి కళ్ళు నొప్పి పుట్టాయి. ఉపనది పిల్లలో అంచు దాకా వెడల్పు తగ్గలేదు.

చెవిరాయి:

ఆ అంచు దగ్గర ఇరుకు వలయాలే మీ ప్రాజెక్టు. మొదట్లో బాగానే పెరిగి, చివరి రోజుల్లో ఆగిపోయిందంటే పుట్టిన చోటు చెడ్డది కాదేమో, వెళ్ళాల్సిన వేళకు వెళ్ళలేకపోయిందేమో. ఇరుకు ఏ తేదీ దగ్గర మొదలైందో వెనక్కి లెక్కించి, గేట్లు మూసిన తేదీలతోనూ నీటి ఉష్ణోగ్రతతోనూ పోల్చండి. అది సరిపోలితే మీ దగ్గర నిజమైన జవాబున్నట్టు.

కానీ రెండు రాళ్ళతో ఏమీ రాయకండి. ఇప్పుడు మీకు ఏం కనపడాలో ముందే తెలిసిపోయింది. అది ప్రమాదం. ఏ రాయి ఎక్కడిదో తెలిసి లెక్కపెడితే చెయ్యి తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుంది. సీసాల మీద పేర్లు వేరేవాళ్ళ చేత మార్పించి అంకెలు మాత్రమే వేయించండి. ప్రతి రాయినీ వేర్వేరు రోజుల్లో మూడుసార్లు లెక్కపెట్టండి. మూడూ బాగా దగ్గరగా రాని రాయిని పక్కన పెట్టేయండి, ఎంత అందంగా ఉన్నా సరే. అన్నట్టు స్పిరిట్‌లో పిల్లలు కాస్త కుంచించుకుపోతాయి. పొడవులకు మీరు మొదట తడి పలక మీద తీసినవే వాడండి. బరువును పొడవు ఘనంతో భాగించి వందతో హెచ్చవేసి, బక్కచిక్కినవేవో కూడా ఆ తాజా కొలతలతోనే చూడండి.

ఫార్మలిన్ పిల్లల గురించి బాధపడడం నాకు అర్థమవుతుంది. వాటి పొడవులు, బరువులు ఉన్నాయి కదా, పారెయ్యకండి. కడుపులు కోసి ఏం తిన్నాయో చూడొచ్చు. దానికి ఫార్మలిన్ ఏ అడ్డూ కాదు.

ఏటిగట్టు:

కడుపుల సంగతి తట్టనే లేదు. వాటిని జాగ్రత్తగా వేరే డబ్బాలో పెట్టాను.

గేట్లు మూసిన తేదీలు ఇవ్వమని ఈరోజు ఉత్తరం పెట్టాను. స్పిరిట్ సీసాల పేర్లన్నీ పక్క ల్యాబులో ఉన్న అక్క మార్చేసింది. అసలు పేర్ల చిట్టీని కవరులో పెట్టి అంటించి తన బీరువాలో దాచింది. రేపు ఉదయం ఒకటో నంబరు నుంచి మొదలుపెడుతున్నాను. ఏ సీసా ఏ నీటిదో ఇప్పుడు నాకూ తెలియదు.